లాంచ్ మీద మగ్గం సైగ

దయ్యాల కబుర్లు ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. భీవండిలో ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపాను. కార్ఖానాలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందని నిమ్మకాయ కట్టేవాళ్లు. కిటికీ లేని షెడ్డులో పన్నెండు గంటలు దూది పీల్చాడని మాత్రం ఒక్కడూ అనేవాడు కాదు. దాని మీద ఎంతమందితో తగువు పడ్డానో నాకే తెలుసు. నేను బడి ముఖం చూడలేదు, పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. అయినా కంటితో చూడనిదాన్ని ఒప్పుకోను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల చివరి మాట. అప్పటికి నేను మగ్గం పని మానేసి ఆరేళ్లు. ధామన్కర్ నాకా దగ్గర మా చాల్‌లో, ఒకే వసారా మీది వరస గదుల్లో, సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాణ్ణి. ఆ ఏడాది ఆరుగురు పదో తరగతి రాశారు, అందరూ మగ్గం పనివాళ్ల పిల్లలే. అందరూ పాసైతే ఓడ ఎక్కిస్తానని మాటిచ్చాను. ఆరుగురూ పాసయ్యారు.

పాసైనందుకు తలా ఒక పెన్ను చాలదా, ఓడ దేనికని చాల్ అంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. బొంబాయికి ఇంత దగ్గరలో పుట్టి పెరిగి, వీళ్లలో ఒక్కరూ సముద్రం మీదికి వెళ్లలేదు. వీళ్ల నాన్నలు నేసిన బట్ట మాత్రం ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది.

అందరికన్నా ఎక్కువ అడ్డుపడింది ఓదెలు. ఒకే షెడ్డులో పదేళ్లు నా ఎదురుగా మగ్గాలు నడిపినవాడు. ఆ ఆరుగురిలో లత అతని ఒక్కగానొక్క కూతురు.

“పిల్లకు ఏమన్నయితే మళ్ల నీ మొఖం చూడ అన్నా,” అన్నాడు.

“నా కండ్ల ముంగటనే ఉంటది, పంపు,” అన్నాను. ఆ మాట మీదే పంపాడు.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం బయలుదేరాం. భీవండిలో మగ్గాలకు సెలవు శుక్రవారం. ఆదివారం అన్నీ నడుస్తాయి కాబట్టి తల్లిదండ్రుల్లో ఎవరూ మాతో రాలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. థానా దాకా బస్సు, అక్కడి నుంచి లోకల్ రైలు, తర్వాత నడక. గేట్‌వే దగ్గర ఘారాపురికి, అదే ఎలిఫెంటా గుహలకు, పోయే లాంచ్ ఎక్కాం.

“తాతా, గిదేనా నీ జహాజ్? మా షేఠ్ టెంపో దీనికన్న పెద్దగుంటది,” అన్నాడు శ్రీకాంత్ అనే వాగుడుకాయ.

“ఎక్కురా, మునిగినంక కొలుద్దాం,” అన్నాను. లత అందరికన్నా గట్టిగా నవ్వింది.

గుహలు చూశాం, తెచ్చుకున్న పులిహోర తిన్నాం, నాలుగు కొట్టేలోపు తిరుగు లాంచ్ ఎక్కాం. అందరం పైఅంతస్తులో ఉన్నాం. పిల్లలు ముందువైపు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నేను మధ్యలో బల్ల మీద, వాళ్లకేసి చూస్తూ కూర్చున్నాను. గాలి లేచి లాంచ్ ఊగుతోంది. ఇంజను మోతలో పక్కవాడి మాట వినిపించదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మగ్గాల మోతలో అరిచినా లాభం లేదు, అంతా చేతి సైగలే. మనిషికి నాలుగు మగ్గాలు, ముందు రెండు, వెనక రెండు. వెనకదాంట్లో పోగు తెగితే మనకు కనిపించదు. ఎదుటివాడు చూసి రెండు వేళ్లతో భుజం మీద తట్టుకుని, పిడికిలి గుండె మీదికి లాక్కుంటాడు. ‘నీ వెనక పోగు తెగింది, మగ్గం ఆపు’ అని అర్థం. మా షెడ్డులో పుట్టిన సైగ అది, బయట ఎక్కడా చూడలేదు. ఓదెలుది ఎడమచేతి వాటం. అతను కుడి భుజం తట్టుకునేవాడు.

పిల్లల పక్కన, ముందు కమ్మీ దగ్గర ఒక మనిషి నా వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. బనీను, తల మీద దూది నూగు. ఎడమచేత్తో కుడి భుజం తట్టుకుని పిడికిలి లాక్కున్నాడు.

నేను ఆలోచించలేదు. ముప్పై ఏళ్ల అలవాటు, ఒళ్లు దానంతటదే వెనక్కి తిరిగింది. మగ్గం ఆపే పిడి కోసం చెయ్యి చాపాను. చేతికి అందింది లత జబ్బ.

పిల్లకు కడుపులో తిప్పి, నేను చూడకుండా నా పక్కనుంచే వెనక్కి వచ్చింది. మెట్ల దగ్గర కమ్మీ ఉండాల్సిన చోట ఒక తాడు కట్టారు, ఆ తాడు ఊడిపోయి ఉంది. మనుషుల్ని ఎక్కించుకునేవాళ్లు ఒక గొలుసు కొనలేరా? పిల్ల కళ్లు తేలేసి నీళ్లవైపు ఒరిగిపోతోంది. రెండు చేతులా లాగి బల్ల మీద పడుకోబెట్టాను.

తల తిప్పి చూస్తే ముందు మా ఐదుగురు పిల్లలే. ఇక్కడ ఎవరు నిలబడ్డారంటే ఎవరూ లేరన్నారు. ఓదెలు నా మీద నమ్మకం లేక చాటుగా వెంట వచ్చాడనుకున్నాను. కింది అంతస్తంతా వెతికాను, లేడు. గడియారం చూసుకున్నాను. నాలుగు దాటి పది నిమిషాలు.

భీవండి చేరేసరికి ఏడున్నర. లతను వాళ్లమ్మకు అప్పగించి, నేరుగా కార్ఖానాకు వెళ్లాను. పగటి పాళీ ఇంకా వదలలేదు. ఓదెలు నన్ను చూసి బయటికి వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే అతనే మీద పడ్డాడు.

“ఏందన్నా, పోరగాండ్లను ఏడ ఇడిసిపెట్టి వచ్చినవ్? చాయ్ తాగినంక షెడ్లకు వస్తివి, నీ పాత మగ్గం కాడ నిలబడితివి. నీ వెనక పోగు తెగితే సైగ జేసిన. మాట ముచ్చట లేకుంట గటే పోయినవ్.”

పక్క మగ్గం మనిషి వచ్చి నవ్వాడు. ఓదెలు మగ్గాల మధ్య ఖాళీ సందుకు సైగలు చేశాడని, పొద్దున ఎనిమిది నుంచి షెడ్డు దాటలేదని చెప్పాడు. షెడ్డు మీద పెత్తనం చేసే ముకద్దమ్‌ను కూడా అడిగాను, అదే మాట. చాయ్ ఎప్పుడు ఇస్తారంటే, నాలుగింటికన్నాడు.

అప్పుడు ఓదెలుకు జరిగిందంతా చెప్పాను. తాడు సంగతి, పిల్ల ఒరిగిన సంగతి, నా కళ్ల ముందు ఉంచుకోలేకపోయిన సంగతి కూడా దాచలేదు. తిడతాడనుకున్నాను. వంగి, కింద రాలిన నూలు ముక్క ఒకటి ఏరి వేలికి చుట్టుకున్నాడు.

“మగ్గం ఆపినవా మరి?” అన్నాడు.

“ఆపిన.”

తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత పదేళ్లు బతికాడు, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. దయ్యమందామంటే అతను బతికున్న మనిషి, నేనూ బతికున్న మనిషినే. కలందామంటే ఇద్దరం మెలకువగానే ఉన్నాం, పట్టపగలు. ఆ నాలుగింటికి షెడ్డులో నిలబడింది ఎవరో, లాంచ్ మీద నిలబడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.