కిటికీలోంచి పట్టిన సీటు

డిగ్రీ సర్టిఫికెట్ పట్టుకుని అబిడ్స్‌లో నాంపల్లి బస్సు కోసం నిలబడ్డాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే! ఎవరికైనా చెప్పాలి, నోరు ఆగడం లేదు.

బస్సు రాగానే నా పక్కనున్న ముసలవ్వ కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు పట్టింది. మా ఊళ్లో అందరం అలాగే సీటు ఆపుకుంటాం. కాలేజీలో చేరిన కొత్తలో నేనూ చున్నీ వేసి సీటు ఆపితే, తోటి పిల్లలు నాకు ‘ఎర్రబస్సు’ అని పేరు పెట్టారు. పల్లె నుంచి దిగిన తెలివితక్కువది అని వాళ్ల అర్థం. అప్పట్నుంచి ఎవరడిగినా మాది సిటీలోనే, హిమాయత్‌నగర్ అని చెప్పాను.

మేము ఎక్కగానే ముందు సీటాయన నవ్వాడు. “ఏం అవ్వా, ఎర్రబస్సు దిగొచ్చినవా?”

“ఔ కొడకా, పొద్దుగాల్నే ఎక్కిన. మీ తాత ఏ బస్సుల వచ్చిండో ఇంటికి పోయి అడుగు!”

బస్సంతా నవ్వింది. అవ్వ నావైపు తిరిగింది. “నీదేవూరు బిడ్డా?”

మూడేళ్లు దాచిన మాట అందరికీ వినపడేలా చెప్పాను. “మెదక్ దిక్కు పల్లె, అవ్వా! నేను గూడ ఎర్రబస్సే. డిగ్రీ పాసైన!”

అవ్వ తువ్వాలతో సీటు దులిపింది. “గట్లనా! అయితే ముందు నువ్వు కూసో తల్లీ. పాసైన పిల్ల నిలవడొద్దు.”

ఇద్దరం సర్దుకుని కూర్చున్నాం. నాంపల్లిలో దిగగానే అవ్వ జనంలో కలిసిపోయింది, నేను పేరైనా అడగలేదు.

ఆ సాయంత్రం మా ఊరి బస్సు కిటికీలోంచి చెయ్యి పెట్టి, సర్టిఫికెట్ ఫైలు సీటు మీద వేశాను. ఎవరూ దాన్ని జరపలేదు.