తాత బెల్లానికి నా నాలుక

మా చిన్నప్పుడు... అనకాపల్లి పక్కన మా ఊళ్లో చెరకు నరకడం మొదలైందంటే పిల్లలందరి మకాం గానుగ పాక దగ్గరే. పెనంలో పాకం కుతకుతలాడుతుంటే తాత ఒక చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసేవాడు. ఆ ఉండ నోట్లో వేసుకున్నాకే "ఇంక దించండెహె" అనేవాడు. పెనం పెనానికీ ఒక ఉండ...

అలాంటి తాతకి సుగర్ వచ్చింది. చెరకు మోడు గుచ్చుకుని కాలి వేలికి పడిన పుండు ఎంతకీ మానకపోతే, టౌన్లో డాక్టరు పరీక్ష చేసి చెప్పాడు. ఆ రోజే మా ఇంట్లో పంచదార డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. నాయనమ్మ ఎంతో శ్రద్ధగా తాతకి బెల్లం టీ పెట్టడం మొదలెట్టింది!

నవ్వకండి... చేతులారా వండుకున్న బెల్లం మనకే కీడు చేస్తుందని మా ఊళ్లో ఎవరనుకుంటారు?

పుండు మానలేదు సరికదా, నల్లబడింది. ఏం తింటున్నావని డాక్టరు ఆరా తీస్తే, "పంచదార ముట్టుకోలేదు బాబూ. మన బెల్లమే తింతన్నాను. అదేటి సేత్తాది?" అన్నాడు తాత గర్వంగా. డాక్టరు తల పట్టుకున్నాడు. బెల్లమైనా ఒంట్లో చేసేది అదే పని అనీ, ఇలాగే తింటే వేలు తీసెయ్యాల్సి వస్తుందనీ చెప్పాడు.

ఆ రోజు నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది... ఆ టీ పెట్టింది తనే కదా.

మర్నాటి నుంచి వంటింటి తీరే మారిపోయింది. పొద్దున్న మజ్జిగ కలిపిన చోడి అంబలి, అంటే రాగి జావ, అదీ గ్లాసుడే. మధ్యాహ్నం తోటకూర, పూడిమడక రేవు నుంచి వచ్చిన కవ్వళ్ల చేపల పులుసు. కంచంలో కూర బోలెడు, అన్నం పిడికెడు.

"కూరలో అన్నం నంజుకోవాలేటే?" అని తాత గునిసేవాడు.

"నంజుకో. వేలుంటాది" అనేది నాయనమ్మ.

అదంతా సరే... మరి గానుగ దగ్గర? రుచి చూడకుండా పెనం దించడానికి తాతకి మనసొప్పలేదు. ఉండ నోటి దాకా తెచ్చి ఆపి, చివరికి నన్ను పిలిచాడు. "అమ్మీ, నోట్లో ఎట్టుకుని సెప్పు. ఉప్పగుందేటి? మాడు వాసనొత్తందా?"

నేను చప్పరిస్తుంటే నా మొహమే చూసేవాడు. మింగేది నేను, గుటక వేసేది ఆయన!

డాక్టరు మందులతో, నాయనమ్మ తిండితో పుండు మానింది. వేలు నిలిచింది. ఆ కాలితోనే చాలా ఏళ్లు గానుగ చుట్టూ తిరిగాడు తాత.

ఇప్పుడు ఆ పాక లేదు. బెల్లం మాకూ ప్యాకెట్లోనే వస్తోంది. నాకూ సుగర్ వచ్చింది... మందులు వేసుకుంటూ తాత తిన్న తిండే తింటున్నాను, హాయిగానే ఉన్నాను.

మొన్న పరమాన్నం వండి, తీపి సరిపోయిందో లేదో చూడమని మా అమ్మాయికి గరిటెడు ఇచ్చాను. అది తింటుంటే కళ్లార్పకుండా చూస్తున్నాను.

"అదేంటమ్మా, తినేది నేనైతే నువ్వు గుటకలు మింగుతున్నావ్?" అంది.

నవ్వొచ్చింది... కళ్లూ చెమర్చాయి. నా మొహంలో తాత ఏం చూసేవాడో ఇన్నాళ్లకి తెలిసింది.

మీ ఇంట్లో ఎవరి కోసం ఎవరు రుచి చూసేవారు? చెప్పండి... తీపి తినడం మానేశాను గానీ, తీపి కబుర్లు మానలేదు.