బెలేన్ అసలు పేరు

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఉమాకాంత్ నడిపే రెస్టారెంట్‌లో నాన్‌లు కాల్చే సాండ్రాది హోండురాస్ దేశం. ఎవరైనా పిలిస్తే వెంటనే పలికేది కాదు. చెవుడేమో అనుకునేవారు.

అసలు సంగతి ఒక డిసెంబరులో, కూరగాయలు తరిగే లలితకు తెలిసింది. లలిత గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. పని చేసుకుంటూ క్రిస్మస్ పాటేదో పాడుకుంటుంటే, బేత్లెహేము అన్న మాట విని సాండ్రా పిండి పిసకడం ఆపింది.

"అది నా నేమ్," అంది మెల్లగా.

ఆమె అసలు పేరు బెలేన్. స్పానిష్‌లో బేత్లెహేముని అలాగే అంటారట. క్రిస్మస్ ముందు రోజు పుట్టిందని తల్లి ఆ పేరు పెట్టింది. పశువుల పాకలో బాలయేసు, చుట్టూ గొర్రెల కాపరులు ఉండేలా పేర్చే బొమ్మల్ని కూడా కొన్ని దేశాల్లో బెలేన్ అనే అంటారని చెప్పింది. దసరాకి పక్కింటివాళ్లు పెట్టే బొమ్మల కొలువు గుర్తొచ్చింది లలితకు. సాండ్రా అన్నది పని కోసం ఎవరి దగ్గరో తీసుకున్న కాగితాల్లోని పేరు.

ఆ రోజు నుంచి, ఇద్దరే ఉన్నప్పుడు లలిత ఆమెను బెలేన్ అని పిలిచేది. బెలేన్ మొదటి పిలుపుకే తిరిగి చూసేది.

ఫిబ్రవరిలో ఆమెకు గుండెలో నొప్పి మొదలైంది. కాగితాలు అడుగుతారన్న భయంతో డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. ఒక మధ్యాహ్నం తందూరి పొయ్యి పక్కనే కూలిపోయింది. హాస్పిటల్‌కి చేర్చిన కాసేపటికే ప్రాణం పోయింది.

వరండాలో ఉమాకాంత్ లలితను పక్కకు పిలిచాడు. "సాండ్రా అనే చెప్పాను. మీరూ అదే చెప్పండి. లేకపోతే రెస్టారెంట్‌కి లీగల్ ఇష్యూ అవుతుంది."

"వాళ్లమ్మకి ఎలా తెలుస్తుందండీ?"

"పోయిన మనిషికి ఏ పేరైతే ఏముంది లలిత గారూ?"

లలిత నర్సు దగ్గరికి వెళ్లి, అసలు పేరు ఒక్కో అక్షరం చెప్పి రాయించింది. ఇంటిపేరు ఆమెకూ తెలియదు. బంధువులు దొరికేదాకా శవం మార్చురీలోనే ఉంది. లలిత ఫోన్‌లో ఫొటో పెట్టుకుని, స్పానిష్‌లో ప్రార్థనలు జరిగే చర్చిలన్నీ తిరిగింది. చివరికి ఒకచోట బెలేన్ పినతల్లి కూతురు ఆ ఫొటోని గుర్తుపట్టింది.

సమాధి చేసిన రోజున హోండురాస్‌లోని తల్లి వీడియో కాల్‌లో చూసింది. ఆమె ఏమందో లలితకు అర్థం కాలేదు. ఫోన్ పట్టుకున్న చేయి మాత్రం చలికి కొంకర్లు పోయినా దించలేదు.

ఉమాకాంత్ రాలేదు. ఆ తర్వాత లలితను పనికి పిలవనూ లేదు.