వ్యతిరేకులు ఎవరూ లేరు

2023 వేసవి. విశాఖలో నగర కౌన్సిల్ సెక్షన్‌కి అప్పుడు నేను సూపరింటెండెంట్‌ని. మా గది కౌన్సిల్ హాలు వెనక, మెట్ల పక్కన ఉండేది. బీరువాల నిండా మినిట్స్ పుస్తకాలు. సమావేశానికి ఏ అంశం వచ్చింది, చివరికి సభ ఏం తీర్మానించింది అన్నది రాసి ఉంచేవే మినిట్స్. మా నాన్న పోర్టు ఉద్యోగానికి గుడివాడ వైపు నుంచి వచ్చి కంచరపాలెంలో స్థిరపడ్డారు. నేను ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, సర్వీసులో ఎక్కువ భాగం ఈ పుస్తకాలు రాస్తూనే గడిపాను.

ఒక మధ్యాహ్నం ఎర్రన్న గారు వచ్చారు. జాలరిపేట వైపు వార్డుకి ఆయన కార్పొరేటర్. తాతల నాటి నుంచి వేటకెళ్లే కుటుంబం. ఒడ్డున ఎండబెట్టిన చేపల మీద బొగ్గు ధూళి పడుతోందని ఆడవాళ్లందరినీ కూడగట్టి ధర్నా చేస్తే ఆయన పేరు ఊరికి తెలిసింది. ఆ పేరుతోనే గెలిచారు. సభలో గాలి గురించో నీళ్ల గురించో మాట వస్తే అందరూ ముందు ఆయన వైపే చూసేవారు.

ఆ రోజు కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి నా బల్ల మీద పెట్టారు.

"ఇది మీరిచ్చిందేనా అమ్మా?"

మేమిచ్చిందే. వాళ్ల పేటవాళ్లెవరో సమాచార హక్కు కింద అడిగితే పంపాం. అంతకు రెండేళ్ల ముందు కౌన్సిల్ ఆమోదించిన ఒక పైపు తాలూకు తీర్మానం అది. కొత్త కాలనీల మురుగునీటిని "తాత్కాలికంగా" రేవు పక్కన సముద్రంలోకి వదలాలని. అడుగున నేనే రాసిన మాట: ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

"పేటలో మొకం సూపించలేకపోతన్నాను. పైపు నువ్వే ఏయించినావు, ఇదిగో కాయితం అంటన్నారు. ఆ రోజు నాను నిలబడి వద్దని సెప్పినాను కదా! మీరూ ఇన్నారు కదమ్మా!"

విన్నాను. బాగా గుర్తుంది. అది టేబుల్ అజెండా, అంటే ముందుగా సభ్యులకు పంపకుండా అప్పటికప్పుడు సభలో పెట్టే అంశం. ఎర్రన్న గారొక్కరే లేచి గట్టిగా మాట్లాడారు.

"నాను కౌన్సిల్‌కొచ్చిన కాడినుంచీ గాలి మీద, నీళ్ల మీద, సెట్ల మీద ఏసిన ఓట్లన్నీ తీసియ్యండి. జనాలకి సూపిస్తాను నాను ఎటున్నానో."

రెండు రోజులు పుస్తకాలు తిరగేశాను. రోడ్డు వెడల్పు కోసం చెట్లు కొట్టే తీర్మానానికి ఆయన వ్యతిరేకం. బొగ్గు లారీల మీద టార్పాలిన్ పట్టాలు కప్పాలన్న తీర్మానం ఆయన పెట్టిందే. వాన నీరు పారే గెడ్డ పూడ్చి దుకాణాలు కట్టే ప్రతిపాదనకి వ్యతిరేకం. మచ్చ లేని రికార్డు. ఒక్క పైపు దగ్గర తప్ప.

మినిట్స్ రాయడానికి ముందు సభలో గబగబా రాసుకునే రఫ్ పుస్తకం ఒకటుంటుంది. అందులో ఆయన ప్రసంగం దొరికింది. మూడో రోజు ఆయన్ని కూర్చోబెట్టి చదివి వినిపించాను. "ఈ మురుగు సముద్రంలో కలిస్తే దగ్గరి వేట పోతుంది. పెద్ద బోట్లున్నోళ్లు దూరం పోతారు. తెప్ప మీద బతికేవోడు ఎక్కడికి పోతాడు?" వింటూ ఆయన తల ఊపారు. మొహం తేటపడింది.

తర్వాతి పేజీ తిప్పాను. మేయర్ అడిగిన ప్రశ్న, దాని కింద నా రాత: వ్యతిరేకించేవారు చేతులెత్తండి అన్నారు. ఎవరూ లేరు.

ఆయన పుస్తకం తన వైపు తిప్పుకుని, ఆ లైను మీద వేలు పెట్టి చదువుకున్నారు.

"నిజమేనమ్మా," అన్నారు చివరికి. "సభలో మా పార్టీకి పెద్ద, ఫ్లోర్ లీడర్, నా మోకాలి మీద సెయ్యేసి నొక్కినాడు. మాటాడినావు గదా, పేపర్లో పేరొస్తాది గదా, ఇంక ఊరుకో బావా అన్నాడు. ఊరుకున్నాను. ఇంటికెళ్లినాక మాటాడిందే గుర్తుంది గానీ ఊరుకున్నది గుర్తు లేదు."

ఆయన మీద జాలేసింది. "మొదటి పేజీ నకలొక్కటే అడగండి. ఇచ్చేస్తాను. అందులో అబద్ధమేమీ లేదుగా," అన్నాను.

ఆయన నా వైపు ఒకసారి చూసి లేచి వెళ్లిపోయారు. మర్నాడు ఆయన దరఖాస్తు వచ్చింది. రెండు పేజీలూ కావాలని రాశారు.

ఆ ఆదివారం పొద్దున్న నేను జాలరిపేట వెళ్లాను. పని ఉండి కాదు, వెళ్లకుండా ఉండలేక. వలలు బాగుచేసుకునే షెడ్డులో జనం మూగి ఉన్నారు. ఎర్రన్న గారు కూడబలుక్కుంటూ రెండు పేజీలూ చదివారు. రెండో పేజీ చివరి మాట కూడా.

ఆయన పెద్దమ్మ నూకాలమ్మ చేపల గంప పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

"నోరు వద్దంది సరే. సెయ్యి ఏటి సేసిందిరా?"

"ఊరుకుందే పెద్దమ్మా."

"నా గంపలో సేపల్ని కొనేవోళ్లు వాసన సూసి మల్లీ గంపలోనే పడేస్తన్నారు. మురుగులో పట్టినారా అని అడుగుతన్నారు. నువ్వు ఊరుకుంటే మాకేటయిందో సూసినావా?"

వెనక నుంచి ఎవరో తిట్టారు. కొందరు లేచి వెళ్లిపోయారు. ఆయన కాగితాలు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"ఇప్పుడెత్తుతావేటి ఆ సెయ్యి?" అంది నూకాలమ్మ.

"ఎత్తుతాను."

తర్వాతి సమావేశంలో పైపు రద్దు చేయాలని ఆయనే తీర్మానం పెట్టారు. డివిజన్ కోరారు. అంటే ఒక్కొక్క సభ్యుణ్ణి పేరు పెట్టి పిలిచి, ఎవరి ఓటు ఎటో రాయాలి. ఫ్లోర్ లీడర్ ఈసారి మోకాలి మీద చెయ్యి వేయలేదు, లేచి నిలబడి బెదిరించాడు. పేర్లు పిలిచింది నేనే. రద్దు చేయాలన్నవాళ్లు ఆయనతో కలిపి నలుగురే. తీర్మానం వీగిపోయింది. ఎర్రన్న గారు నా బల్ల దగ్గరికొచ్చి తెల్ల కాగితం అడిగి, నిలబడే డిసెంట్ రాశారు. సభ నిర్ణయంతో సభ్యుడు విభేదిస్తే రాసిచ్చే కాగితాన్ని డిసెంట్ అంటారు. వంకర అక్షరాలు, ఐదు లైన్లు. దాన్ని మినిట్స్ పుస్తకంలో అతికించాను.

పార్టీ ఆయన్ని సస్పెండ్ చేసింది. పేటవాళ్లు కోర్టుకెళ్లారు. ఇదంతా ఏకగ్రీవమని చెప్పబోయిన కార్పొరేషన్ లాయరుకి జడ్జిగారు ఆ ఐదు లైన్లూ చదివి వినిపించారని మా ఆఫీసువాళ్లు చెప్పారు. ఏడాది దాటాక శుద్ధి చేయని నీరు వదలకూడదని ఆదేశం వచ్చింది, పైపు మూశారు. చేపలు మాత్రం పైపు మూసినంత తొందరగా తిరిగి రాలేదు. ఎర్రన్న గారు ఇక ఏ ఎన్నికలోనూ నిలబడనని చెప్పి మళ్లీ వేటకు వెళ్తున్నారు. పేటలో ఆయనతో ఇప్పటికీ మాట్లాడనివాళ్లున్నారు.

నాకు మాత్రం ఒక సంగతి నిద్ర పట్టనివ్వలేదు. పైపు తీర్మానం మొదట సభకొచ్చిన రోజున ఆయన వద్దని చెప్పి కూర్చోవడం, చెయ్యి ఎత్తకపోవడం రెండూ నేను చూశాను. నా బల్లకీ ఆయన కుర్చీకీ మధ్య పది అడుగులుంటాయేమో. "డిసెంట్ రాసిస్తారా అండీ?" అని అడగొచ్చు. అడగాలని ఏ రూలూ లేదు. నా పని రాయడమే అనుకుని, ఏకగ్రీవం అని రాసి కలం మూత పెట్టేశాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ సభ్యుడైనా వద్దని మాట్లాడి ఓటు దగ్గర తల దించుకుంటే, నేను లేచి వెళ్లి అడిగేదాన్ని. ఇది మీ పని కాదని మేయర్ గారు ఒకసారి అందరి ముందూ కోప్పడ్డారు. అవునండీ, నా పని కాదు అన్నాను. మరుసటి నెల సమావేశంలో మళ్లీ లేచి వెళ్లాను. చాలామంది మొహం తిప్పుకున్నారు. ముగ్గురు మాత్రం కాగితం అడిగారు.