కొట్లో అనకూడని మాట

మా కొట్లో కొన్ని మాటలు అనకూడదు. లేదు, కాదు, కుదరదు. పెళ్ళయి పుదుచ్చేరి వచ్చిన కొత్తలో మా మామగారు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. బజారులో మాది తాతల నాటి బట్టల కొట్టు. ఎవరైనా వచ్చి ఆకుపచ్చ అంచు పంచె కావాలంటే, అది కొట్లో లేకపోయినా లేదనకూడదు. రేపు వస్తుంది, అంతదాకా ఇది చూడండి అని ఇంకొకటి విప్పి పరవాలి. లేదన్న నోటి వెంట లక్ష్మి కూడా వెళ్ళిపోతుందట. బియ్యం అయిపోతే నిండుకున్నాయని మా పుట్టింట్లోనూ అనేవాళ్ళం కాబట్టి నాకది వింతగా తోచలేదు.

వింతేమిటంటే, మా ఆయన పగలంతా కొట్లో మింగేసిన లేదులన్నీ మూటగట్టుకొని ఇంటికి తెచ్చేవారు. సినిమాకి పోదామా అంటే కుదరదు. మా చెల్లెలి ఊరికి వెళ్ళొస్తానంటే ఇప్పుడు కాదు. కొట్లో సగం చోటు ఆక్రమించిన పాత టేకు బల్లను తీసేసి గాజు బీరువా పెట్టిద్దామని నేను అడగని ఏడాది లేదు. అది మా మామగారు గుడ్డ కొలిచి చింపిన బల్ల. “తీసేదానికి లేదు” అనేవారు ఈయన, కంచంలోంచి తల కూడా ఎత్తకుండా. ఊరందరికీ ఉంది, నాకు మాత్రం లేదు అని నేను దెప్పేదాన్ని.

వాన వెలిసిన ఒక సాయంత్రం, కొట్టు కట్టేసి ఇంటికి వస్తూ ముదలియార్‌పేట మలుపులో స్కూటరు జారి పడ్డారు. హెల్మెట్ ఉంది, స్కూటరు కొక్కేనికి. తల రోడ్డు పక్క రాయికి తగిలింది. మెదడులో రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. వాపు తగ్గేదాకా పుర్రెలో ఒక ముక్క తీసి ఉంచాలన్నారు. తీసిన ఎముకను పాడవకుండా ఆయన పొట్ట చర్మం కిందే దాచారు. అందరూ ఏడుస్తుంటే నేను ఆ సంగతే ఆలోచిస్తూ కూర్చున్నాను. మనిషి సామాను మనిషిలోనే భద్రం చేయడం సబబుగానే అనిపించింది. రాయి లాంటి మనిషి అని చుట్టాలు గుసగుసలాడుకున్నారట. నాకు ఏడుపు ఆలస్యంగా వస్తుంది, అది నా తత్వం.

ఐసీయూలో ఉన్నన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం కాసేపు లోపలికి పంపేవారు. పిలుస్తూ ఉండండి అని నర్సు చెప్పింది. “ఏమండీ, వింటా ఉండారా” అని పిలిచేదాన్ని. ముందు రెప్ప కూడా కదల్లేదు. తర్వాత రెప్ప కదిలింది, వేలు కదిలింది, గొంతులో గొట్టం తీశారు, వార్డుకు మార్చారు. ఎడమ చెయ్యి మాత్రం పిడికిలి బిగించుకుని ఉండిపోయింది. ఒక ఉదయం నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకొని వెళ్ళేసరికి ఆయన నా వైపు తిరిగి, “వాంగమ్మా, ఉక్కారుంగ” అన్నారు. రండమ్మా, కూర్చోండి అని, తమిళంలో.

వార్డంతా పండగ చేసుకుంది. ఆయన అక్క, అంటే మా వదిన, లాస్‌పేట నుంచి రోజూ బస్సులో మధ్యాహ్నం కారియరు తెచ్చేది. ఆమె ఆ మాట విని కళ్ళు తుడుచుకుంటూ, “ఏంది పిల్లా, వీడు నీతో ఇంత మర్యాదగా మాట్లాడతా ఉండాడు! నీ అదృష్టం పండింది పో” అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ మా ఇద్దరి మధ్య తమిళం ఎప్పుడూ లేదు. తమిళం కొట్టుకి, తెలుగు ఇంటికి. ఆయన తెలుగు వింటే మా నెల్లూరు వాళ్ళు నవ్వుతారు, అందులో ఒక్క అక్షరం కూడా ఆయనకు చదవడం రాదు, అయినా మేము పోట్లాడుకునేది అందులోనే. తలకు అంత దెబ్బ తగిలింది, ఏది ముందు నోటికొస్తే అది మాట్లాడతారులే అని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత వైతికుప్పం నుంచి ఒకావిడ చూడటానికి వచ్చింది. చేపలమ్ముతుంది, ఏళ్ళుగా పండక్కీ పబ్బానికీ మా కొట్లోనే చీరలు కొంటుంది. ఆయన ముఖం విప్పారింది. “వాంగమ్మా, ఉక్కారుంగ.” అదే మాట, అదే నవ్వు. ఏం చూపించమంటారు అని కూడా అడిగారు. తనను గుర్తుపట్టారని ఆవిడ పొంగిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది. నన్ను ఆయన గుర్తుపట్టలేదు. ఆయన లెక్కలో నేను చీర కొనడానికి వచ్చిన మనిషిని.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి తలనొప్పి ఉందా అని అడిగింది. ఉంది అన్నారు, ఉత్సాహంగా. కళ్ళు తిరుగుతున్నాయా? తిరుగుతున్నాయి. ఒకటి రెండుగా కనబడుతోందా? కనబడుతోంది. ఆమె కంగారుపడి మళ్ళీ స్కాన్ తీయించింది. అందులో కొత్తగా ఏమీ కనబడలేదు. అప్పుడు నేను మా కొట్టు ఆచారం చెప్పాను. ఈయన బయటివాళ్ళకి లేదని చెప్పరమ్మా, మీరేం అడిగినా ఉందనే అంటారు అన్నాను. ఆమె నమ్మలేదు. నన్ను చూపించి, ఈమె మీ భార్యా అని అడిగింది. “ఆమాం” అన్నారు, అవునని. మీ అక్కా అని అడిగింది. “ఆమాం, ఆమాం” అన్నారు మరింత ఆదరంగా. డాక్టరమ్మ రాయడం ఆపేసింది.

ఆ రోజు నుంచి ఉందా అని అడగడం మానేసి, ఎక్కడ నొప్పో వేలితో చూపించమనడం మొదలుపెట్టారు. అలా నొప్పుల సంగతి తేలింది. నా సంగతి తేలలేదు. గుర్తుపడతారా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేం, చూద్దాం అంది డాక్టరమ్మ.

నాకు భయమేసింది. ప్రాణం పోతుందన్న భయం ఐసీయూ బయట చూశాను, ఇది ఆ జాతిది కాదు. బతికినన్నాళ్ళూ ఒక మర్యాదస్తుడికి వండిపెట్టాలి. ఆయన నన్ను కూర్చోమంటారు, నేను చెప్పినదానికల్లా అవునంటారు, నేనెవరో ఆయనకు తెలియదు.

అయినా చేతులు కట్టుకొని కూర్చోవడం నాకు చేతకాదు. వ్యాయామం చేయించే అమ్మాయి ఎడమ పిడికిలి విప్పించడానికి నానా తంటాలు పడుతోంది. ఆయన సరేనంటారు, చెయ్యి కదలదు. ఒకనాడు ఉండబట్టలేక, నెమలికంఠం రంగులో పట్టుచీర ఉందా అని తమిళంలో అడిగాను. ఉంది ఉంది అంటూ కుడిచేత్తో మంచం మీద దుప్పటి అందుకున్నారు. విదిలించి పరిచారు. అంచు పట్టుకోవడానికి ఎడమ చెయ్యి తనంతట తానే లేచింది. వేళ్ళు పూర్తిగా రాలేదు గానీ విచ్చుకున్నాయి. ఆ అమ్మాయి నా భుజం గట్టిగా పట్టుకొని, రోజూ ఇదే చేయించండి అంది.

అలా రోజూ పొద్దున నేను కొట్టుకి వచ్చేదాన్ని. ఆసుపత్రి దుప్పట్లన్నీ పరిపించి, మడత పెట్టించేదాన్ని. అంచు బాగాలేదనేదాన్ని, రంగు పోతుందేమో అనేదాన్ని. ఒక్కటీ కొనలేదు. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. ఈ మనిషి దగ్గర ఇంత ఓపిక ఉందని నాకు తెలియనే తెలియదు. నిజం చెప్పాలంటే కడుపు మండింది కూడా.

ఇంటికి పంపించేస్తామని చెప్పిన రోజు మధ్యాహ్నం వదినా నేనూ సంచులు సర్దుతున్నాం. ఆయన మంచం మీద కూర్చొని దుప్పటి మడుస్తున్నారు. స్నానాలగదిలో పట్టుకునేదానికి కమ్మీ పెట్టించాల, మంచం కిందింట్లో వేయాల అని వదిన చెబుతోంది. ఆ మాటల్లో మాటగా, పరధ్యానంగానే, “కొట్లో ఆ బల్ల గూడా తీసేయిస్తా వదినా. ఈయన కుర్చీ ఏసుకొని కూర్చునేదానికి చోటు ఉండాల గదా” అన్నాను.

“తీసేదానికి లేదు.”

తెలుగులో. వదిన చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నేను వెనక్కి తిరిగాను. ఆయన నా వైపు చూడటం లేదు. మడత సరిగ్గా రాలేదని దుప్పటిని చూసి మొహం చిట్లించుకుంటున్నారు.

“ఏందీ?” అన్నాను.

“చెవులు యాడ పెట్టుకోనుండావ్? బల్ల జోలికి పొయ్యేదానికి లేదు. అది నాయన బల్ల.”

వదిన నర్సును పిలవడానికి పరుగెత్తింది. నేను మంచం అంచున కూలబడ్డాను. ఇన్నాళ్ళకు నాకు ఏడుపొచ్చింది, ఆపుదామన్నా ఆగలేదు. “ఏంటికి ఏడస్తా ఉండావ్, పనేం లేదా?” అని కసిరారు.

“సినిమాకి పోదామా?” అన్నాను.

“కుదరదు.”

“మా చెల్లెలి ఊరికి పోయొస్తా.”

“ఇప్పుడు కాదు.”

ఇన్నేళ్ళలో ఆయన కాదన్నవన్నీ గుర్తు తెచ్చుకొని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఒక్కొక్కటే అడిగాను. ఆయన ఒక్కదానికీ ఒప్పుకోలేదు.