పగటిపూట తీసేసిన చుక్కలు

పంజాగుట్టలో మెట్రో పట్టాలకు ఎదురుగా, నాలుగో అంతస్తులో అనుపమ చేసే పని ఏమిటయ్యా అంటే, ఎక్కడో హిమాలయాల్లో నేల వణికితే ఇక్కడ పటం మీద చుక్క పెట్టడం. వణుకు పుట్టినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద గీత లేస్తుంది. అది ఎక్కణ్ణుంచి బయల్దేరిందో లెక్క కట్టాలి. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి సంపాదించిన ఉద్యోగం. ఆ కొండల్ని ఫోటోల్లో తప్ప చూసిన పాపాన పోలేదు.

ఎండాకాలంలో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఆ తరవాత చిన్న కుదుపులు వస్తూనే ఉన్నాయి. వందల చుక్కలు పడ్డాక అవన్నీ ఒక వరుసలోకి వస్తాయి. ఆ వరుసే కొండ కడుపులో రాయి పగిలిన చోటు. పైన చూస్తే గడ్డి, ఇళ్లు, బడి, కంటికేమీ కనపడదు. ఆ లోయలోనే సొరంగం తవ్వుతున్నారు. అందులో కరెంటు పని చేసేవాడు అనుపమ తమ్ముడు విజయేందర్. ఆ పని వెతికి పెట్టింది కూడా అక్కే.

ఆఫీసులో ఒక రూలుంది. ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా సొరంగం చుట్టుపక్కల వచ్చే చిన్న కుదుపులు లెక్కలోకి రావు. మందుగుండు పెట్టి రాయి పేలుస్తారు కదా, అది భూకంపం కాదు కదా అని. కంప్యూటరే వేళ చూసి పక్కన 'పేలుడు' అని రాస్తుంది. అనుపమ మీట నొక్కి తీసేస్తుంది. చేతికి అలవాటైపోయింది.

ఆ మంగళవారం భోజనాల వేళ విజయేందర్ ఫోన్ చేసి, ఊరికే కూర్చోలేక చస్తున్నామని విసుక్కున్నాడు. మందుగుండు లైసెన్సు కాగితాలు రాక పన్నెండు రోజులుగా ఒక్క పేలుడూ లేదట. తాముండే రేకుల షెడ్డులో గిన్నెలు మాత్రం పగలంతా వాటంతటవే జరుగుతున్నాయని నవ్వాడు.

అనుపమ కలుపుతున్న ముద్ద వదిలేసింది. ఇవాళ పొద్దున్నించి తను తీసేసినవే ఏడు.

డబ్బా మూతైనా పెట్టకుండా సీటు దగ్గరికి పరిగెత్తింది. పన్నెండు రోజులుగా తీసేసినవన్నీ వెనక్కి తెచ్చి పటం మీద పరిచింది. డెబ్బై మూడు చుక్కలు. పాత వరుసతో వాటికి పొత్తే లేదు. ఏ పటంలోనూ లేని ఇంకో గీత అది. మొదటి రోజు చుక్కలు దూరంగా ఉన్నాయి, తరవాతవి దగ్గరికొచ్చాయి, ఇవాళ్టివి సరిగ్గా షెడ్డు కింద ఉన్నాయి. కొండ లోపల ఎవరో నడిచి వస్తున్నట్టే ఉంది. కింద మెట్రో పోయి బల్ల సన్నగా అదిరేసరికి, ఆమె కాళ్లు కుర్చీ మీదికి లాగేసుకుంది.

ఆఫీసు పెద్ద కేదార్ గారు పటం చూసి తెల్లబోయారు.

"పెద్దది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు అనుపమ గారూ. ఎక్కడ పగులుందో మాత్రం ఇప్పుడు తెలిసింది," అన్నారు.

వెంటనే సొరంగం వాళ్లకు ఫోన్ కలిపారు. అక్కడి సారు మీటింగులో ఉన్నాడట. అనుపమకు ఒళ్లు మండింది. నేరుగా తమ్ముడికే చేసింది.

"తమ్మీ, అందర్ని తీస్కొని బడి మైదానంలకు పో. షెడ్డుల ఒక్కడు సుత ఉండొద్దు."

"ఏమైందక్కా? ఎవరు చెప్పిండ్రు?"

"పన్నెండు రోజుల సంది అది చెప్తనే ఉంది. నేనే తుడిచేసిన. నా మీద ఒట్టు, లే."

ఫోన్ పెట్టొద్దంది. కేకలు, తలుపులు, చెప్పుల చప్పుడు వినపడ్డాయి. రెండూ నలభైకి ఫోన్‌లో బరువైనదేదో ఈడ్చినట్టు చప్పుడై, మాటలాగిపోయాయి. రెండు క్షణాల తరవాత తెర మీద గీత లేచింది. లేచి, తెరంతా నల్లగా నిండిపోయింది. అనుపమ ఫోన్ చెవికి అదిమిపట్టుకుని తమ్ముణ్ణి పిలుస్తూనే ఉంది.

చాలాసేపటికి వాడి గొంతు వినపడింది.

"అక్కా, అందరం మైదానంల ఉన్నం. షెడ్డు లేదు."

ఆమె బల్ల మీద తల వాల్చి గట్టిగా ఏడ్చింది. తలెత్తేసరికి, వెనకే వచ్చిన చిన్న కుదుపులు తెర మీద వరుసగా పడుతున్నాయి. ప్రతిదాని పక్కనా వేళ చూసి కంప్యూటర్ 'పేలుడు' అని రాస్తూనే ఉంది. అనుపమ ఆ మాట ఒక్కోచోటా కొట్టేసి 'భూకంపం' అని రాయసాగింది. చేయి మాత్రం చుక్కలు తీసేసే పాత మీట వైపే పోతోంది.