అమీర్‌పేట టికెట్టు

నా చిన్నప్పుడు పటాన్‌చెరు నుంచి పట్నం వెళ్ళే బస్సులో కొందరు అమీర్‌పేటకు టికెట్టు తీసుకుని, అంతకు ముందే ఎర్రగడ్డలో దిగిపోయేవాళ్ళు. దిగి, కొంగు తలమీదికి లాక్కుని, ఎవరివైపూ చూడకుండా గబగబా రోడ్డు దాటేవాళ్ళు. వాళ్ళలో మా అమ్మ కూడా ఉండేది.

ఎర్రగడ్డలో మనసు జబ్బులకు వైద్యం చేసే ఆసుపత్రి ఉంది. ఆ కారణంగా మావైపు ఆ పేరే ఒక తిట్టయింది. గోళీలాటలో ఓడినవాడు గెలిచినవాణ్ణి "నిన్ను ఎర్రగడ్డల ఏస్త" అనేవాడు. పెద్దలు తక్కువ తిన్నారా? ఆ స్టాపు రాగానే "పిచ్చోళ్ళెవరన్న ఉంటే దిగుర్రి" అని అరిచే కండక్టర్లు ఉండేవాళ్ళు, బస్సంతా పగలబడి నవ్వేది. దిగాల్సినవాళ్ళు ఆ నవ్వు మధ్య లేవలేక తరువాతి స్టాపుదాకా వెళ్ళి, ఎండలో వెనక్కి నడిచి వచ్చేవాళ్ళు. కనీసం ఆ ఊరిపేరు నోటితో చెప్పే అవస్థ తప్పించుకుందామని అమీర్‌పేట అనేవాళ్ళు.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నాన్నకు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం. క్వార్టరు రాలేదు కనక పటాన్‌చెరులో ఒక వీధిలో కిరాయికి ఉండేవాళ్ళం. నా తరువాత పుట్టిన తమ్ముడు పురిట్లోనే పోయాడు. ఆ తరువాత అమ్మ మాట్లాడటం మానేసింది. పొయ్యిమీద అన్నం మాడి వాసన వస్తున్నా లేచేది కాదు, గోడకు ఆనుకుని అలా చూస్తూ ఉండేది. నేను బడి నుంచి వచ్చి జడ విప్పి దువ్వెన చేతిలో పెడితే, ఆ దువ్వెన పట్టుకుని కూడా అలాగే కూర్చునేది. అమ్మ ఇంట్లోనే ఉన్నా నాకు అమ్మ లేనట్టే ఉండేది. నాన్న ఎవరి మాటా వినకుండా ఆమెను ఎర్రగడ్డ తీసుకెళ్ళాడు. మందులు పడ్డాక మెల్లగా, నీళ్ళలోంచి పైకి వచ్చినట్టు, అమ్మ మళ్ళీ మాకు దొరికింది.

మా వీధి ఆడవాళ్ళు చాలామంది ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. బిస్కట్లు, మందుబిళ్ళలు, బల్బులు, ఏదో ఒకటి. ఒకసారి ఎదురింటావిడ తన అత్తగారికి జ్వరమొచ్చి, పసిబిడ్డను చూసేవాళ్ళు లేక, "జెర సూస్కో అక్కా, బండి పోతది" అంటూ మా అమ్మ ఒళ్ళో వేసి పరుగెత్తింది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆ బిడ్డ నిద్రపోతోంది, మా అమ్మ జోలపాట పాడుతోంది. అమ్మ గొంతు పాటగా విని ఎన్నాళ్ళయిందో! ఆ తరువాత ఒకరిని చూసి ఒకరు పిల్లల్ని తెచ్చి వదిలిపెట్టడం మొదలుపెట్టారు. మా వరండా నిండా చీర ఉయ్యాలలే. డాక్టరుగారికి చెబితే, మంచిపని, మానకండి అన్నారట. కానీ ఎర్రగడ్డ అన్న ఒక్క మాట మా గుమ్మం దాకా వస్తే మర్నాడు ఒక్క ఉయ్యాల కూడా మిగలదు. ఉయ్యాలలు పోతే అమ్మ మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళిపోతుందేమోనని నా భయం. ఎనిమిదేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద భయం ఇంకేముంటుంది?

పైగా మా వీధిలో ఒక మర్యాద ఉండేది. పట్నం నుంచి ఎవరొచ్చినా నలుగురు ఆడవాళ్ళు చేరి, వాళ్ళ సంచి గుమ్మంలోనే విప్పించి, ఏం తెచ్చావు, ఎంతకిచ్చాడు అని ఒక్కొక్క వస్తువూ తిరగేసి చూసేవాళ్ళు. విప్పనంటే పొగరనుకుంటారు. అందుకని అమ్మ దారిలో కూరగాయలు కొని సంచి నింపేది, మందుల పొట్లం మాత్రం నా టిఫిను డబ్బాలో పెట్టేది. పిల్లల ఎంగిలి డబ్బా ఎవరు తెరుస్తారు? నాన్నకు షిఫ్టులు కుదరవు కనక అమ్మకు తోడు నేనే. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సులో దొరసానిలా కూర్చునేదాన్ని.

ఆ బస్సు కండక్టరు మా పక్క పోర్షన్‌లోనే ఉండేవాడు. కండక్టరు మామయ్య అనేవాళ్ళం. ఖాకీ చొక్కా, చెవిమీద పెన్సిలు, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. అమ్మ మొదటిసారి ఆయన బస్సెక్కి అమీర్‌పేట అనడం, ఎర్రగడ్డలో దిగడం ఆయన చూశాడు. ఏమీ అనలేదు. రెండోసారి నుంచి అమ్మ నోరు తెరవకముందే టికెట్టు కొట్టి చేతిలో పెట్టేసేవాడు. ఆమె ఒక్కదానికే అలా చేస్తే నలుగురూ గమనిస్తారని కాబోలు, రోజూ ఎక్కే అందరికీ అలాగే అడక్కుండా ఇవ్వడం అలవాటు చేసుకున్నాడు. ఆ స్టాపు వచ్చినప్పుడు మూసాపేట అన్న గొంతుతోనే ఎర్రగడ్డ అనేవాడు. అందులో వెటకారమూ లేదు, జాలీ లేదు. ఆ జాలి లేకపోవడమే అమ్మకు ఎంతో హాయిగా ఉండేదని పెద్దయ్యాక చెప్పింది.

ఇక మా వీధి మూలింటి పెద్దమ్మ సంగతి చెప్పాలి. లక్డారంలో పొలాలున్న కుటుంబం, భర్త ఫ్యాక్టరీలో చేరాక పటాన్‌చెరు వచ్చారు. మనిషి దయగలదే, కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అనుకునేది. ఎవరింట్లో ఏ కూర మాడిందో మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసేది ఆవిడ చలవే. సంచులు విప్పించడంలో కూడా ఆవిడే ముందు.

ఒకరోజు బస్సు కిటకిటలాడుతోంది. అమ్మకు ముందు సీటు దొరికింది. వెనక కూర్చున్న పెద్దమ్మ నన్ను చెయ్యి పట్టి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక జామకాయ ఇచ్చింది. నేను కొరుకుతుండగా చెవి దగ్గర అడిగింది.

"అమీర్‌పేటల మీకెవరున్నరే బిడ్డా?"

నేను జామకాయ ఇంకో ముక్క పెద్దగా కొరికాను.

"మీరు దిగేది ఆడ గాదు గద. మొన్న నేను సూసిన. ఎర్రగడ్డల మీ అమ్మకేం పనే?"

పెద్దలు అడిగినప్పుడు అబద్ధం చెప్పకూడదని నాన్న నేర్పాడు. ఎవరికీ చెప్పకు తల్లీ అని అమ్మ చెప్పింది. నా ముందు వరసలో అమ్మ మెడ బిగుసుకుపోవడం కనిపిస్తోంది. ఆమెకు వినబడింది. తిరిగి మాత్రం చూడలేదు. వరండాలో ఉయ్యాలలన్నీ నా కళ్ళముందు తిరిగాయి.

అప్పుడు మా వెనక సీటు దగ్గర టికెట్లు కొడుతున్న కండక్టరు మామయ్య జనాన్ని తోసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. కమ్మీ పట్టుకుని వంగి, మా ఇద్దరికి మాత్రమే వినబడేట్టు, నవ్వుతూనే అన్నాడు.

"పెద్దమ్మా, ఈ బస్సుల ఎవ్వలు ఏడెక్కిండ్రో, ఏడ దిగిండ్రో అంత నాకెర్కనే. గని టికెట్ కొట్టినంక మర్శిపోత. నీది గూడ మర్శిపోయిన."

పెద్దమ్మ ముఖం మాడిపోయింది. కిటికీ వైపు తిరిగింది. ఎర్రగడ్డ రాగానే అమ్మా నేనూ దిగాం. రోడ్డుమీద నిలబడి వెనక్కి చూశాను. కదిలిపోతున్న బస్సు కిటికీలో ఆవిడ ముఖం కనిపించింది. కోపంగా ఉంటుందనుకున్నాను. కానీ ఏడవబోతున్న మనిషిలా ఉంది. అప్పుడు నాకు అర్థం కాలేదు, నిజం చెప్పాలంటే సంతోషం వేసింది.

సంతోషం ఎందుకంటే, పెద్దమ్మకూ ఏదో రహస్యం ఉంది! అది తెలుసుకుంటే ఇక ఆవిడ మా జోలికి రాదు. ఆ సాయంత్రం మామయ్య వరండాలో చాయ్ తాగుతుంటే వెళ్ళి అడిగాను, పెద్దమ్మ ఎక్కడ దిగుతుందని. మర్చిపోయానన్నాడు. నేను వదిలే రకమా? అమ్మ జంతికలు చేసిన రోజు గిన్నెడు తీసుకెళ్ళి లంచం పెట్టాను. అన్నీ తిన్నాడు. ఇప్పుడు చెప్పమంటే, "ఏం చెప్పాలె? జంతికలు మస్తున్నయి" అన్నాడు. నాకు ఒళ్ళు మండి ఏడుపొచ్చింది. ఆవిడ చెడ్డదని, మా అమ్మను ఏదో చెయ్యబోయిందని, ఆవిడ గుట్టు మాకు తెలిసి తీరాలని అరిచాను.

మామయ్య గ్లాసు కింద పెట్టి నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "ఆమెది నీకు చెప్పిన అనుకో. రేపు మీ అమ్మది ఆమెకు చెప్పనని నీకేం నమ్మకం బిడ్డా?" అన్నాడు.

ఆయన నా ముక్కు తుడిచి, ఎవరైనా అడిగితే ఏమనాలో కూడా నేర్పాడు. "అమ్మనే అడుగుర్రి అను. అబద్ధమాడినట్టు గాదు, నిజం బయటవడ్డట్టు గాదు. ఎవ్వల ముచ్చట వాళ్ళది. చెప్పుకుంటే వాళ్ళే చెప్పుకోవాలె."

మంచివాళ్ళ గుట్టే కాదు, మనకు నచ్చనివాళ్ళ గుట్టు కూడా దాచినప్పుడే దాచినట్టని ఆ జంతికల రోజున నాకు తెలిసింది. పెద్దమ్మ ఆ తరువాత ఎప్పుడూ నన్ను అడగలేదు. మా సంచి జోలికీ రాలేదు. మా ఉయ్యాలలు అలాగే ఊగాయి. కొన్నేళ్ళకు వాళ్ళు ఇల్లు మార్చి సంగారెడ్డి వెళ్ళిపోయారు. కండక్టరు మామయ్య రిటైరయి, గుమ్మడిదల వైపు కూతురి దగ్గర ఉంటూ పోయాడు. ఎన్ని ఊళ్ళ సంగతులు ఆయనతోపాటు వెళ్ళిపోయాయో.

రాసిపెట్టి ఉందేమో, పెద్దయ్యాక నాకు ఒక ఆసుపత్రిలో రోగుల ఫైళ్ళు భద్రపరిచే గదిలోనే ఉద్యోగం దొరికింది. ఫ్యాక్టరీల ఆఫీసర్లు ఫోను చేసేవాళ్ళు: మా వర్కరు ఫలానా ఆయన మీ దగ్గర మనసు డాక్టరుకు చూపించుకుంటున్నాడా, ఏం మందులు వాడుతున్నాడు, ఊరికే తెలుసుకుందామని. పెళ్ళి సంబంధాలవాళ్ళు స్వీటు డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. "ఆయన్నే అడగండి సార్" అనేదాన్ని. స్వీట్లు మాత్రం తీసుకునేదాన్ని కాదు, ఆ విషయంలో మామయ్యకంటే నేనే నయం. ఈమధ్య దీనికి చట్టం కూడా వచ్చింది. మనసు వైద్యం చేయించుకున్నవాళ్ళ వివరాలు గోప్యంగా ఉండే హక్కు వాళ్ళకు ఇచ్చింది. ఒక కుర్రాడు వచ్చి తెరమీద బొమ్మలు వేసి మాకు చక్కగా వివరించాడు. వింటూ ఉంటే నాకు లవంగం వాసన వచ్చింది.

ఉద్యోగం చివరి రోజుల్లో ఒక ఉదయం, మనసు డాక్టరుగారి గదికి పంపాల్సిన ఫైళ్ళలో మూలింటి పెద్దమ్మ పేరు కనిపించింది. ఊరు, భర్త పేరు, అన్నీ సరిపోయాయి. ఫైలు లావుగా, పాతగా ఉంది. గదిలో నేను ఒక్కదాన్నే. చేతులు దురదపెట్టాయి, అబద్ధమెందుకు. దాదాపు యాభై ఏళ్ళ దురద అది. దారం ముడి విప్పకుండా తీసుకెళ్ళి డాక్టరుగారి బల్లమీద పెట్టేశాను.

బయట బెంచీమీద మనవడి పక్కన ఆవిడ కూర్చుని ఉంది. బాగా ముసలిదయింది. నన్ను పరీక్షగా చూసి గుర్తుపట్టింది. నా చేతుల వైపు చూసింది.

"సూసినవా బిడ్డా అందుల?"

"లేదు పెద్దమ్మా. టికెట్టు కొట్టి మర్చిపోయాను" అన్నాను.

బోసినోటితో నవ్వింది. తరువాత మనవణ్ణి చాయ్ తెమ్మని పంపి, నా చెయ్యి పట్టుకుంది.

"ఆ దినం నేను గూడ ఆడ్నే దిగాల్సుండె" అంది. "నిద్ర వట్టక, గుండె దడదడమని పరేషానయితుంటి. ఇంట్ల ఎవ్వలకు చెప్పలె. అంతకుముందు ఒకపారి పోయినప్పుడు మీ అమ్మను దవాఖాన లైన్ల సూసిన. మల్ల ఒక్కదాన్నే పోవాల్నంటే ధైర్యం సాలకపాయె. మీ అమ్మ తోడుంటే బాగుండనుకున్న. సక్కగ అడుగ రాలె, గట్లడిగిన."

బస్సు కిటికీలో చూసిన ఆ ముఖం గుర్తొచ్చింది. అయితే అమ్మ సంగతి అప్పటికే తెలుసా, మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నా నోట్ల నువ్వుగింజ నానదంటరు గద," అంది పెద్దమ్మ, "గా ఒక్కటి మాత్రం ఇన్నేండ్లు నానింది బిడ్డా."

ఒకే వీధి, ఒకే బస్సు, ఒకే స్టాపు. ఇద్దరూ అమీర్‌పేట టికెట్టు చేతిలో పట్టుకుని ఒకరినుంచి ఒకరు దాక్కున్నారు. మామయ్యకు ఇద్దరి సంగతీ తెలుసు. ఒక్క మాటతో వాళ్ళను కలిపేవాడేమో. కానీ ఆ మాట ఆయనది కాదు. ఆయన చేసింది తప్పని నేను ఇవాళ్టికీ అనను. ఆ నవ్వే బస్సునే తప్పుపడతాను. అంతగా నవ్వకపోతే ఆ ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని వెళ్ళేవాళ్ళు.

ఈ సంగతి అమ్మకు చెప్పనా అని పెద్దమ్మను అడిగాను. వద్దంది. "నేనే చెప్పుకుంట, తీస్కపో" అంది.

ఆ ఆదివారం ఆవిడను మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ గుమ్మంలోనే గుర్తుపట్టి బిత్తరపోయింది. ఇద్దరినీ గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, జంతికలు పెట్టడానికి వంటింట్లోకి వచ్చేశాను. లోపలినుంచి ముందు ఏడుపు, ఆ తరువాత చిన్నపిల్లల్లా నవ్వు. పెద్దమ్మ వెళ్ళేటప్పుడు ఇద్దరూ ఒకటే మాట చెప్పారు: పేర్లు లేకుండా ఎప్పుడైనా రాస్తే రాసుకో, ఎవరికైనా ధైర్యం వస్తుందని. అందుకే రాశాను.

ఆ గదిలో వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో అమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు. జంతికల పళ్ళెం తలుపు బయటే పెట్టి, వాళ్ళంతట వాళ్ళు తెరిచేదాకా నిలబడ్డాను.